మోటన్ ఉన్నత పాఠశాల పిల్లలు

ఒక పాఠశాల డెబ్బది ఐదు సంవత్సరాలు ఎడతెగక నడవడం పండుగ చేసుకోదగిన విషయం. ఏటేటా జూన్ నెలలో తలుపులు తెరుచుకుంటాయి, గంట మ్రోగుతుంది, హాజరు పట్టీలో క్రొత్త పేర్లు చేరుతాయి. సూర్యోదయం వలె ఇది తనంతట తాను జరిగిపోతున్నట్లు తోచడం వలన, బడి తెరచి ఉండడమే ఒక భాగ్యమని సామాన్యంగా ఎవరికీ తట్టదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, వర్జీనియా రాష్ట్రంలో, ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే కౌంటీ ఉన్నది. కౌంటీ అంటే మన తాలూకాకూ జిల్లాకూ నడుమ ఉండే పరిపాలనా విభాగం అనుకోవచ్చును. 1959లో ఆ కౌంటీ పాలకులు తమ పరిధిలోని ప్రభుత్వ పాఠశాలలన్నింటినీ మూసివేశారు. 1964 వరకు వాటిని తిరిగి నడపలేదు. యుద్ధం రాలేదు, వరద ముంచలేదు, అంటువ్యాధి ప్రబలలేదు. తెల్లజాతి పిల్లల సరసన నల్లజాతి పిల్లలు కూర్చుని చదువరాదన్న పట్టుదల ఒక్కటే అందుకు కారణం.

ఆ మూసివేతకు ఎనిమిది సంవత్సరాల ముందు, అదే కౌంటీలో, కొందరు బడి పిల్లలు ఒక చిన్న కోరిక కోరారు. వానకు కారని తరగతి గది కావాలన్నారు. ఆ కోరిక ఎంత దూరం పోయినదో, దానికి ఎవరెవరు ఏమేమి వెల చెల్లించారో చెప్పేదే ఈ చరిత్ర. నల్లజాతి హక్కుల పోరాటమనగానే మార్టిన్ లూథర్ కింగ్ పేరు మనకు గుర్తుకు వస్తుంది. అది న్యాయమే. కాని కింగ్ పేరు లోకానికి తెలియక ముందే రైతులు, కూలీలు, ఇండ్లలో పనిచేసే స్త్రీలు, వారి బిడ్డలు ఆ పనికి పూనుకున్నారు.

బానిసత్వం రద్దయిన తరువాత కూడా అమెరికా దక్షిణ రాష్ట్రాలలో రెండు జాతులను వేరుచేసే చట్టాలు పుట్టుకువచ్చాయి. రైలుపెట్టె వేరు, హోటలు వేరు, మంచినీటి కుళాయి వేరు, శ్మశానం వేరు. మన పల్లెలలో వేరు బావినీ, వేరు గ్లాసునూ కండ్లారా చూచిన పెద్దలకు దీనిని వివరించనక్కరలేదు. లూసియానా రాష్ట్రంలో హోమర్ ప్లెసీ అనే చెప్పులు కుట్టే వృత్తివాడు తెల్లవారి రైలుపెట్టెలో కూర్చుని, ఆ చట్టాన్ని కోర్టులో ప్రశ్నించాడు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు అతని వాదాన్ని త్రోసివేసింది. సౌకర్యాలు సమానంగా ఉన్నంత వరకు వేరుగా ఉంచడం తప్పు కాదన్నది. నాటి నుండి ‘వేరుగా’ అన్న మాట ఖచ్చితంగా అమలైంది, ‘సమానంగా’ అన్న మాట కాగితం మీదనే మిగిలిపోయింది. వర్జీనియా రాష్ట్ర రాజ్యాంగమైతే 1902లోనే రెండు జాతుల పిల్లలకు ఒకే బడి కూడదని వ్రాసుకున్నది.

ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీకి ముఖ్యపట్టణం ఫార్మ్‌విల్. పొగాకు పండించే ప్రాంతం. అక్కడ నల్లజాతి పిల్లలకోసం 1939లో రాబర్ట్ రూసా మోటన్ పేర ఒక ఉన్నత పాఠశాల భవనం కట్టారు. మోటన్ ఆ ప్రాంతంలో పెరిగి, టస్కీగీ విద్యాసంస్థకు అధిపతి అయిన విద్యావేత్త. భవనం నూట ఎనభై మందికి సరిపడేది. 1951 నాటికి అందులో నాలుగు వందల ఏబది మందికి పైగా చదువుతున్నారు. వ్యాయామశాల లేదు, భోజనశాల లేదు, విజ్ఞానశాస్త్ర ప్రయోగశాల లేదు. సభా మందిరంలోనే ఒకే సమయంలో రెండు మూడు తరగతులు నడిచేవి. ఒక్కొక్కప్పుడు ఆగి ఉన్న బస్సులో కూడా పాఠం చెప్పేవారు. క్రొత్త భవనం అడిగితే, కౌంటీ విద్యాసంఘం వారు ఆవరణలో కర్రలతో మూడు షెడ్లు వేయించి, వాటికి తారు పూసిన కాగితం చుట్టించారు. దారిన పోయేవారు వాటిని కోళ్ళ ఫారములని పొరబడేవారట. చలికాలంలో పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లవాడికి చెమటలు, కిటికీ దగ్గర కూర్చున్నవాడికి వణుకు. వాన వస్తే కొందరు గొడుగు పట్టుకుని పాఠం వ్రాసుకునేవారు. అదే పట్టణంలో తెల్లపిల్లల ఉన్నత పాఠశాలకు మాత్రం వ్యాయామశాల, భోజనశాల అన్నీ అమరి ఉన్నవి.

పెద్దలు ఊరకున్నారని కాదు. ప్రధానోపాధ్యాయుడు బోయిడ్ జోన్స్, ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి గురువు ఫ్రాన్సిస్ గ్రిఫిన్, తల్లిదండ్రుల సంఘం వారు విద్యాసంఘం ఎదుట ఎన్నోమార్లు నిలబడ్డారు. స్థలం చూస్తున్నామనీ, నిధులు రావాలనీ, వచ్చే నెలలో మాట్లాడుదామనీ సమాధానాలు వచ్చేవి. ఇక రావలసిన పని లేదు, నిర్ణయమైనప్పుడు కబురు చేస్తామన్నారు. పాఠశాలల కోసం కార్యాలయాల మెట్లు ఎక్కినవారెవరికైనా ఈ సమాధానాలు పరిచయమైనవే.

ఆ పాఠశాలలో బార్బరా రోజ్ జాన్స్ అనే పదహారేండ్ల బాలిక పదకొండవ తరగతి చదువుతూ ఉండేది. రైతు కుటుంబం, ఇంటికి పెద్దబిడ్డ. తల్లి వాషింగ్టన్ నగరంలో ఉద్యోగం చేస్తుండడం వలన, తమ్ములను చెల్లెలిని బడికి సిద్ధం చేయడం ఆమె వంతు. తండ్రి సోదరుడు వెర్నన్ జాన్స్ అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగరంలో ఒక చర్చికి గురువు. నిర్భయంగా మాట్లాడేవాడని ఆయనకు పేరు. తరువాతి కాలంలో ఆ చర్చికే మార్టిన్ లూథర్ కింగ్ గురువుగా వచ్చాడు. పల్లెలో వెర్నన్ జాన్స్ ఇంటనున్న పుస్తకాలన్నీ బార్బరా చదివేసింది. పదిమందిలో మాత్రం నెమ్మదిగా ఉండే పిల్ల.

ఒకనాడు ఆమె సంగీతం చెప్పే ఉపాధ్యాయిని ఇనెజ్ డావెన్‌పోర్ట్ దగ్గరకు పోయి బడి దుస్థితిని చెప్పుకుని వాపోయింది. ఆమె ఓదార్చలేదు. దానికి నీవేదైనా చేయరాదా అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న బార్బరాకు మొదట చిన్నబుచ్చినట్లు తోచింది. కొంతకాలానికి మరొక సంఘటన జరిగింది. ఒక ఉదయం తమ్ముళ్ళను బస్సెక్కించే హడావిడిలో తన మధ్యాహ్న భోజనం ఇంట మరచి, దానికోసం వెనుకకు పరుగెత్తి, బస్సు తప్పిపోయింది. రోడ్డు మీద నిలబడి ఉండగా తెల్లపిల్లల బడి బస్సు సగం ఖాళీగా ఆమె ముందునుండే వెళ్ళిపోయింది. ఇక ఏదో ఒకటి చేయవలసినదేనని ఆ దినమే నిశ్చయించుకున్నానని ఆమె తరువాత వ్రాసుకున్నది.

విద్యార్థి సంఘంలో నమ్మదగిన కొద్దిమందిని, క్యారీ స్టోక్స్, ఆమె సోదరుడు జాన్ స్టోక్స్ మొదలైనవారిని, ఆట స్థలంలోని మెట్ల మీద రహస్యంగా కలుసుకున్నది. నెలల తరబడి ఆ ఆలోచన సాగినా, చిన్న ఊరిలో ఒక్క పెద్దమనిషి చెవిన కూడా పడలేదు.

1951 ఏప్రిల్ 23, సోమవారం. ఉదయం పదకొండు గంటల వేళ ప్రధానోపాధ్యాయునికి ఒక టెలిఫోను వచ్చింది. బడి పిల్లలు కొందరు ఊరిలో పోలీసులతో చిక్కులో పడ్డారని దాని సారాంశం. ఆయన గాభరాపడి వెళ్ళాడు. వెంటనే ప్రతి తరగతికీ సభా మందిరానికి రమ్మని చీటీ అందింది. అడుగున ప్రధానోపాధ్యాయుడు పెట్టే పొడి అక్షరం ఉన్నది. టెలిఫోను కబురూ అబద్ధమే, చీటీ మీది అక్షరమూ పిల్లలు వ్రాసినదే. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ ఘట్టం చదివినప్పుడు మనసు కొంత చివుక్కుమనక మానదు. కాని పిల్లలు అలా చేయడానికి ఒక లెక్క ఉన్నది. జోన్స్ ప్రభుత్వ ఉద్యోగి. సమ్మె సంగతి ఆయనకు ముందుగా తెలిసి ఉంటే ఉద్యోగం పోతుంది. తనకేమీ తెలియదని ఆయన నిజాయితీగా చెప్పగలగాలి. కనుకనే ఆయనను బడిలో లేకుండా పంపివేశారు.

తెర తొలగేసరికి వేదిక మీద ప్రధానోపాధ్యాయునికి బదులు బార్బరా నిలబడి ఉన్నది. ఉపాధ్యాయులు దయచేసి బయటకు వెళ్ళవలసినదని కోరింది. కొందరు అభ్యంతరం చెప్పబోగా కాలి జోడు తీసి బల్లమీద గట్టిగా కొట్టింది. తారు కాగితపు షెడ్లను గురించి, చలిని గురించి, ఎదుటి బడిని గురించి అందరికీ తెలిసినదే మళ్ళీ చెప్పి, ఇక క్రొత్త భవనం కట్టేవరకు తరగతులలో కూర్చోబోమన్నది. నాలుగు వందల ఏబది మందికి పైగా పిల్లలు ఆమె వెంట బయటకు నడిచారు. అంతకుముందే వ్రాసి దాచిన అట్టలు పట్టుకున్నారు. తిరిగివచ్చిన జోన్స్ తరగతులకు వెళ్ళమని బ్రతిమాలాడు. ఎవరూ కదలలేదు.

ఆ దినమే బార్బరా, క్యారీ కలిసి రిచ్మండ్ నగరంలోని న్యాయవాదులకు లేఖ వ్రాశారు. నల్లజాతి అభ్యున్నతి సంఘం పక్షాన వ్యాజ్యాలు నడిపే ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ ఏప్రిల్ 25న మరొక పని మీద పోతూ ఫార్మ్‌విల్‌లో ఆగారు. పిల్లలను మెచ్చుకుని, బుద్ధిగా బడికి పొమ్మని చెప్పి వెళ్ళిపోదామన్నదే వారి ఉద్దేశం. గ్రిఫిన్ చర్చిలో ఆ పిల్లల క్రమశిక్షణ, ధైర్యం చూచిన తరువాత ఆ మాట వారి నోట రాలేదు. బదులుగా ఒక షరతు పెట్టారు. మంచి భవనం కావాలని వ్యాజ్యం వేయబోము. నల్లవారికి వేరు బడి ఉండడమే అన్యాయమని వేయాలి. అందుకు మీ తల్లిదండ్రులు సంతకం చేస్తారా?

ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగవలసి ఉన్నది. పిల్లలు అడిగినది భవనం. అది కొంత ఖర్చుతో తీరిపోయే కోరిక. న్యాయవాదులు అడుగుతున్నది దక్షిణ రాష్ట్రాల జీవన విధానానికే అడ్డం తిరగడం. సంతకం పెట్టవలసిన తండ్రి తెల్లవారి పొలం కౌలుకు చేస్తూ ఉండవచ్చు. తల్లి తెల్లవారి ఇంట వంట చేస్తూ ఉండవచ్చు. విత్తనాలకు అప్పిచ్చేవాడు, బ్యాంకివాడు, షావుకారు అందరూ తెల్లవారే. మే 3వ తేదీ రాత్రి చర్చి నిండిన సభలో పూర్వపు ప్రధానోపాధ్యాయుడు ఒకరు లేచి, భవనం అడగడం వరకు సరే గాని ఇంత దూరం పోవడం ప్రమాదమన్నారు. ఆయన మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. తరువాత జరిగినది చూస్తే ఆయన భయం నిరాధారమని అనలేము. కాని ఆ సభలో బార్బరా లేచి పెద్దవాడని కూడా చూడకుండా ఆయనను కటువుగా ఖండించింది. గ్రిఫిన్ ఆమె పక్షాన నిలిచాడు. సభ పిల్లల వైపు మొగ్గింది. మే 7న పిల్లలు తిరిగి తరగతులకు వెళ్ళారు. మే 23న నూట పదిహేడు మంది విద్యార్థుల పక్షాన వ్యాజ్యం దాఖలైంది. వారి జాబితాలో మొదటి పేరు డొరొతీ డేవిస్ అనే పద్నాలుగేండ్ల రైతుబిడ్డది కావడం వలన అది డేవిస్ వ్యాజ్యంగా చరిత్రకెక్కింది.

ఫలితాలు త్వరలోనే కనిపించాయి. జోన్స్‌ను మరుసటి సంవత్సరానికి ఉద్యోగంలో కొనసాగించలేదు. పిల్లలు అంత జాగ్రత్తపడినా ఆయనను కాపాడలేకపోయారు. బార్బరాకు ఊరిలో క్షేమం కాదని ఇంటివారు ఆమెను మాంట్‌గోమరీలోని వెర్నన్ జాన్స్ ఇంటికి పంపివేశారు. ఉన్నత పాఠశాల చదువు ఆమె అక్కడ పూర్తి చేసుకోవలసి వచ్చింది.

1952 మార్చిలో రిచ్మండ్‌లోని ముగ్గురు న్యాయమూర్తులు వేరు బడులు చట్టసమ్మతమే, కాని సౌకర్యాలు సమానం చేయవలసినదని తీర్పు చెప్పారు. కౌంటీ వారు 1953లో నల్లపిల్లలకు క్రొత్త ఉన్నత పాఠశాల కట్టి ఇచ్చారు. మొదట పిల్లలు అడిగినది ఇదే. అంతటితో తృప్తిపడి ఉంటే ఆ కథ అక్కడ ముగిసేది. వాదులు వ్యాజ్యం వెనుకకు తీసుకోలేదు.

సుప్రీంకోర్టు ఎదుటికి అటువంటివే మొత్తం ఐదు వ్యాజ్యాలు వచ్చాయి. దక్షిణ కరోలినా నుండి వచ్చిన దానికి మూలం, నల్లపిల్లలకు కూడా ఒక బడి బస్సు ఇప్పించమన్న విన్నపం. అందులో మొదటి వాది హ్యారీ బ్రిగ్స్ పెట్రోలు బంకులో పనివాడు, భార్య ఎలీజా పరిచారిక. సంతకం చేసినందుకు ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. కాన్సాస్ వ్యాజ్యం ఆలివర్ బ్రౌన్ అనే వెల్డరుది. ఐదింటికీ ఆయన పేరే స్థిరపడింది. విద్యార్థుల సమ్మె నుండి పుట్టినది మాత్రం వర్జీనియా వ్యాజ్యమొక్కటే. వాదించిన న్యాయవాదుల నాయకుడు థర్‌గుడ్ మార్షల్ తరువాత 1967లో ఆ కోర్టులోనే మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు. 1954 మే 17న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తీర్పు చదివాడు. తొమ్మిదిమందిదీ ఒకటే మాట. ప్రభుత్వ విద్యలో జాతిని బట్టి వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధం.

చరిత్ర గ్రంథాలు సామాన్యంగా ఇక్కడ అధ్యాయం ముగిస్తాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ వారికి అసలు పరీక్ష ఇక్కడ మొదలైంది. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు అమలుకు గడువు నిర్ణయించకుండా, జాగుచేయక, ఆలోచనతో చేయవలసినదని మాత్రం చెప్పింది. వర్జీనియా పాలకులు ఆ సందును పట్టుకుని సామూహిక ప్రతిఘటన అనే విధానం ప్రకటించారు. 1959లో పై కోర్టు ఇక సెప్టెంబరులో పిల్లలను కలపవలసినదేనని ఆజ్ఞాపించగా, కౌంటీ పర్యవేక్షక మండలి బడులకు నిధులివ్వడమే మానివేసింది. బడి అనేదే లేకపోతే కలపవలసిన అవసరమూ ఉండదన్నది వారి తర్కం. తెల్లపిల్లలకు మాత్రం చందాలతో ప్రైవేటు పాఠశాల ముందే సిద్ధమైంది. మరుసటి ఏడు దానికి ప్రభుత్వ ఫీజు సహాయాలు, పన్ను మినహాయింపులు తోడైనాయి. సుమారు పదిహేడు వందల మంది నల్లపిల్లలకు, కొందరు పేద తెల్లపిల్లలకు బడి లేకపోయింది.

ఆ సంవత్సరం డిసెంబరులో తెల్లవారి నాయకులు కొందరు నల్లపిల్లలకు కూడా వేరుగా ఒక ప్రైవేటు బడి పెట్టిస్తామని ముందుకు వచ్చారు. అందులో చేర్చడమంటే వేరు బడిని మనసారా అంగీకరించడమే. బిడ్డ ఇంట ఊరక కూర్చుని ఉన్నాడు, అక్షరాలు మరచిపోతున్నాడు. అటువంటి వేళ ఏ తల్లికైనా చేయి ముందుకు చాపాలనిపించడం సహజం. వచ్చిన దరఖాస్తు ఒకే ఒక్కటి. 1954 నాటి తీర్పు కంటె ఈ ఒక్క అంకె ఆ కౌంటీ ప్రజలను గురించి ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. అయితే ఆ నిరాకరణకు వెల చెల్లించినది సంతకం చేసిన పెద్దలు కాదు, పిల్లలు. ఈ సంగతి ఆ తల్లిదండ్రులను జీవితాంతం బాధించి ఉంటుందనడంలో సందేహం లేదు.

కొందరు పిల్లలను బంధువుల ఇండ్లకు పంపారు. పై తరగతుల వారిలో కొందరిని ఉత్తర కరోలినాలోని కిట్రెల్ కళాశాల చేర్చుకున్నది. క్వేకర్ల సేవాసంఘం వారు మరికొందరిని ఇతర రాష్ట్రాలలోని కుటుంబాల వద్ద ఉంచి చదివించారు. చర్చీల నేలమాళిగలలో గ్రిఫిన్, స్థానిక స్త్రీలు శిక్షణ కేంద్రాలు నడిపారు. వాటిని బడులని మాత్రం పిలువలేదు. బడి నడుస్తున్నదని ఎదుటి పక్షం కోర్టులో చెప్పుకునే అవకాశం ఇవ్వరాదని వారి జాగ్రత్త. ఎక్కువమంది పిల్లలకు ఇవేవీ అందలేదు. వారు పొగాకు పొలాలలోకి వెళ్ళారు.

1963లో ఫార్మ్‌విల్ వీధులలో యువకులు ప్రదర్శనలు జరిపారు. అధ్యక్షుడు కెన్నెడీ, ఆయన తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ కలుగజేసుకొనగా, చందాలతో ఉచిత పాఠశాలల సంఘం ఏర్పడి, ఆ సెప్టెంబరులో నాలుగు భవనాలలో తరగతులు మొదలైనాయి. నీల్ సలివన్ అనే విద్యావేత్త దానికి అధిపతి. సుమారు పదిహేను వందల మంది చేరారు. అందులో కొద్దిమంది తెల్లపిల్లలూ ఉన్నారు. పది పదకొండేండ్ల వయసు వచ్చి కూడా ఒక్కనాడు బడి గడప తొక్కనివారు ఉన్నారు. పెన్సిలు పట్టుకోవడం దగ్గరనుండి మొదలుపెట్టవలసి వచ్చింది. 1964 మే 25న గ్రిఫిన్ బిడ్డల పేర నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ఆలస్యానికి ఇక కాలం చెల్లిపోయినదని చెప్పి, బడులు తెరిపించే అధికారం కింది కోర్టుకు ఉన్నదన్నది. ఆ సెప్టెంబరులో ప్రభుత్వ పాఠశాలలు తెరుచుకున్నాయి.

బార్బరా వివాహానంతరం ఫిలడెల్ఫియా నగరంలో స్థిరపడి, అక్కడి పాఠశాలలలో గ్రంథాలయాధికారిణిగా పనిచేసింది. ఐదుగురు బిడ్డల తల్లి. తన పట్టభద్రత 1979లో పూర్తి చేసుకున్నది. 1991లో కన్నుమూసింది. బ్రతికి ఉన్నంతకాలం ఆమె పేరు దేశంలో చాలామందికి తెలియదు. పాత మోటన్ భవనం 2001లో మ్యూజియం అయింది. అమెరికా పార్లమెంటు భవనంలో వర్జీనియా పక్షాన నిలిపిన రాబర్ట్ లీ విగ్రహాన్ని, బానిసత్వం నిలపడానికి పోరాడిన సేనల నాయకుని విగ్రహాన్ని, 2020 డిసెంబరులో తొలగించారు. ఆ స్థానానికి ఎన్నుకున్న బార్బరా విగ్రహం 2025 డిసెంబరులో ఆవిష్కృతమైంది.

బడి పోగొట్టుకున్న పిల్లల సంగతి అంత త్వరగా తేలలేదు. వర్జీనియా శాసనసభ 2003లో విచారం ప్రకటించి, 2004లో వారికోసం ఒక విద్యార్థి వేతన నిధి ఏర్పరచింది. 1959లో పలక పట్టవలసిన పసివారు కూడా అప్పటికి ఏబది ఏండ్ల ముంగిట ఉన్నారు. కొందరు ఉన్నత పాఠశాల ధ్రువపత్రం కోసం, కొందరు కళాశాల పట్టా కోసం ఆ నిధికి దరఖాస్తు వ్రాసి, మనుమల వయసు పిల్లల సరసన మళ్ళీ బల్లల ముందు కూర్చున్నారు.